దేవుని ముందు జమానతు

మొన్న మా వీధిలో కాలేజీ చదివే కుర్రాడొకడు వచ్చి నా పక్కన కూర్చుని, మర్యాదగానే అడిగాడు. "తాతా, మీరంత పాలపొడి కోసం కిరస్తానంల కలిసిన్రట గద? మా సార్ చెప్పిండు."

వాడి సారు పుట్టకముందే నేను బొగ్గుబాయిలో దిగాను. మా కూలీల ఇళ్ళ లైన్లకు పాలపొడి డబ్బాలు వచ్చిన మాట నిజం. అందరూ తాగారు. పోచమ్మకు బోనమెత్తిన ఇళ్ళవాళ్ళు తాగారు, నమాజు చదివిన ఇళ్ళవాళ్ళూ తాగారు. తాగినవాళ్ళకు కడుపు ఉబ్బింది గాని మతం మారలేదు. మాకు ఆకలి ఉండేది, నిజమే. ఆకలి ఉన్నవాడికి ఆలోచన ఉండదని ఈ సార్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను బడి ముఖం చూడలేదు. మీసాలొచ్చి, పెళ్ళయి, పిల్ల పుట్టాక నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి. జరిగినదాన్ని మాత్రం దిద్దకండి.

మాది గోదావరికి అవతల, ధర్మపురి దిక్కు పల్లె. మాదిగవాడ. నిజాం రాజ్యం పోయిన తర్వాతి ఏళ్ళలో నది దాటి ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయిలకు వచ్చాను. అప్పుడు బాయిలో పని దొరకాలంటే ఒంట్లో బలం ఒక్కటే చాలదు, జమానతు కావాలి. లోపల పనిచేసే మనిషి ఒకడు దఫ్తరుకు వచ్చి, "వీన్ని నేనెరుగుదు, వీడేం చేసినా నన్నడగండి" అని చెప్పాలి. ఆ ఊళ్ళో నన్నెరిగిన కుక్క కూడా లేదు. రోజూ పొద్దున వచ్చి దఫ్తరు ముందు కూర్చునేవాణ్ణి, పొద్దుగూకితే లేచిపోయేవాణ్ణి.

అలా కూర్చోగా ఒక సర్దారు కంట్లో పడ్డాను. సర్దారంటే బాయిలో ఒక గుంపు ప్రాణాలకు పూచీ ఉన్న పెద్ద. ఆయన తురకాయన, నెరిసిన గడ్డం. వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, సంతలో ఎడ్లను చూసినట్టు తిప్పి చూశాడు.

"తోలు కుట్టిన చేతులా, గొడ్డలి పట్టిన చేతులా?"

"రెండూ," అన్నాను.

"దాచలే నువ్వు. చల్, నేనుంట జమానత్."

అంతే. నా పేరు కూడా తర్వాత అడిగాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు చాచా.

నా పని కప్పు చూడటం. బొగ్గు తవ్విన చోట మన నెత్తిమీద మిగిలే రాతిని కప్పు అంటాం. కర్రతో తడితే మంచి కప్పు ఖంగుమంటుంది, చెడ్డది బోలుగా పలుకుతుంది. బోలుగా పలికిన చోట దుంగలు నిలబెట్టి దాన్ని ఆపాలి. ఆ వినటం నాకు నేర్పింది చాచాయే. "కండ్లతోని కాదు బేటా, చెవులతోని చూడు," అనేవాడు.

ఎంత విన్నా కప్పు ఒక్కోసారి మాట చెప్పకుండా దిగుతుంది. మా గుంపులో మా కులపు పిల్లగాడే ఒకడు అలా దాని కింద పోయాడు. వాడు చనిపోవడానికి కొద్దిరోజుల ముందే కతోలికుల్లో కలిశాడు. మేం వాణ్ణి ఆటపట్టించేవాళ్ళం కూడా.

ఇక్కడ మీకు ఒకటి తెలియాలి. మా పల్లెలో మావాళ్ళ పేరు ఎవరూ నిండుగా పలకరు. సగానికి విరిచి 'గా' తగిలిస్తారు. ముసలివాడైనా అంతే. చచ్చాక ఆ విరిగిన పేరు కూడా ఉండదు. సరే, ఆ పిల్లగాడు పోయిన మరుసటి నవంబరులో నేను లైన్ల చివర రేకుల షెడ్డు పక్కనుంచి పోతున్నాను. అదే వాళ్ళ గుడి. ఆ రోజు మృతుల పండుగట. లోపల తెల్ల ఫాదరు చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పలుకుతున్నాడు. మా ఓవర్‌మన్ తండ్రి పేరు పలికాడు. ఓవర్‌మన్ అంటే సర్దార్లందరి మీదా అధికారి, మేం ఎదురుపడితే పక్కకు తప్పుకునే మనిషి. ఆ పేరు తర్వాత మా పిల్లగాడి పేరు. నిండు పేరు, వాడి తల్లిదండ్రులు పెట్టిన పేరు. అదే గొంతు, అదే నెమ్మది. బతికుండగా ఆ ఫాదరు వాణ్ణి సరిగా గుర్తుపట్టేవాడో లేదో కూడా నాకు అనుమానమే. నేను కిటికీ దగ్గర ఆగిపోయాను.

అందుకు కలిశాను నేను. పాలపొడి కాదు. రాసుకోమనండి సారును.

మా లైన్లలో జపాలు చెప్పే ఉపదేశి కరీంనగర్ దిక్కు మనిషి, మావాడే. సన్నగా, ఫాదరు ముందు గొంతు పెగలని మనిషి. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం నోటికి వస్తే చాలన్నాడు. నేను చదివి నేర్చుకుంటానన్నాను.

"నోటికొస్తే సాలదా తమ్మీ? దేవునికి చదువు రాదా ఏంది?"

"దేవునికొస్తది. నాకు రావాలె గద. ఇన్నొద్దులు ఎవడో చెప్తే నమ్మి వేలిముద్ర ఏసినం. దీనికి ఏయ."

ఆయన తల పట్టుకున్నాడు గాని పలక తెచ్చాడు. షిఫ్టు దిగి వచ్చి బుడ్డిదీపం ముందు కూర్చునేవాణ్ణి. నా భార్య పక్కన జొన్నరొట్టె కొడుతూ నవ్వేది. "బాయిల బొగ్గు సాలదని ఇంట్ల పలక కూడ నల్లగ చేస్తుండు." ఆమె మరుసటేడు కలిసింది, నేను రమ్మనలేదు. ఆమె కథ ఆమెది.

మా అన్న ఊరినుంచి వచ్చి, గడపలో నిలబడే మాట్లాడి వెళ్ళాడు. "నువ్వు ముంచిన గిన్నెల ఇగ మేం ముంచం," అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ మా గిన్నెలో ఊళ్ళో ఎవరూ ముంచలేదు, ఇప్పుడు మా అన్న కూడా. అంటే వెనక్కి పోయే దారి మూసుకుంది. ముందుకు పోవాలంటే జ్ఞానస్నానం కావాలి. దానికి జ్ఞానతండ్రి కావాలి.

ఉపదేశి ఇలా చెప్పాడు: "జ్ఞానతండ్రంటే దేవుని ముంగట నీకు జమానతు ఉన్నట్టు. నీళ్ళు పోసేటప్పుడు నీ బుజం మీద చెయ్యేస్తడు. రేపు నువ్వు తప్పితే ఆయన్ని అడుగుతరు. నాకు తెల్వనిదేంది, నేనుంట తియ్యి. అందరికి నేనే."

ఆ 'అందరికి' అన్న మాట నాకు నచ్చలేదు. అందరికీ ఉండేవాడు ఒక్కడికీ ఉన్నట్టు కాదు. నన్నెరిగినవాడు కావాలన్నాను. ఉపదేశి నొచ్చుకున్నాడో, ఊపిరి పీల్చుకున్నాడో తెలియలేదు. "అయితే చూస్కో," అన్నాడు.

ఓవర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కోస్తానుంచి వచ్చినవాడు, పెద్ద కులం, తాతలనాటినుంచీ కతోలికులు. నా పని రోజూ చూసే మనిషి. క్వార్టరు వసారా కింద నిలబడి అడిగాను.

"నువ్వు మంచి పనివాడివే, కాదన్లేదు," అన్నాడాయన. "ఉపదేశి ఉన్నాడుగా. అందరికీ ఆయనే నిలబడతాడు. మధ్యలో నన్నెందుకయ్యా లాగుతావు?"

కారణం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు. జ్ఞానతండ్రి అయితే చుట్టరికం కలుస్తుంది. పాస్కు పండుగకు, అదే ఈస్టరుకు, ఇంట్లోకి పిలవాలి, పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. నాలుగు తరాల భక్తి ఆ విస్తరి దగ్గర ఆగిపోయింది. ఈ మాటకు ఇప్పటికీ కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఇక మిగిలిందెవరు? ఒకసారి జమానతు ఉన్నవాడే మళ్ళీ ఉంటే తప్పేమిటనుకున్నాను. మరుసటిరోజు షిఫ్టు దిగి బాయి దీపాలు తిరిగిచ్చే దగ్గర చాచాను అడిగాను.

"నీ ఖుదా దఫ్తర్ల నా మాట చెల్తదా?" అన్నాడాయన.

"బాయిల చెల్లింది. గక్కడ ఎందుకు చెల్లది?"

"ఏమని చెప్పాలె?"

"నన్నెరుగుదునని."

"గంతేనా! అది నిజమే గద. నిజం చెప్పనీకి ఏ దఫ్తరైతేంది."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, మా ఇద్దరికీ అందులో తప్పు కనిపించలేదు. జమానతు ఇచ్చేవాడు మనిషిని ఎరిగి ఉండాలి, మాట తప్పనివాడై ఉండాలి. బాయిలో మేం చూసింది ఆ రెండే.

పాస్కు పండుగ తర్వాతి ఆదివారం. షెడ్డు నిండింది. ముందు ఓవర్‌మన్ వాళ్ళ మనుషులకు చాపలు, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఇంకో పక్క. చాపల వెనక వట్టి నేల మీద మా లైన్లవాళ్ళు. నేను ఉతికిన ధోతి కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. పక్కన చాచా, పండుగ షేర్వానీలో, అత్తరు పూసుకుని, తలమీద టోపీతో.

ఉపదేశి చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఇదేంది తమ్మీ?"

"నువ్వే గద చెప్తివి, జమానతని."

"నేను పోలిక చెప్పిన్నే!"

"నాకు పోలిక వద్దు, మనిషి కావాలె."

అప్పటికే ఫాదరు మా ముందుకు వచ్చేశాడు. ఆయన మా భాషను పుస్తకాల్లో నేర్చుకున్నాడు. "ఈయనకు జ్ఞానతండ్రి యెవరు?" అని అడిగాడు.

చాచా నా భుజం మీద చెయ్యి వేశాడు. "నేను, సాబ్." పేరు అడిగితే తన పేరు దాచకుండా చెప్పాడు.

షెడ్డంతా వెనక్కి తిరిగింది. ఎవరో పిల్ల కిసుక్కుమంది. ఫాదరు పుస్తకం మూశాడు.

"అయ్యా, తమ మంచితనమునకు కృతజ్ఞుడను. కాని విశ్వాసము లేనివారు..."

"విశ్వాసం లేదనకుండ్రి సాబ్. అయిదు పూటల నమాజు చదువుత."

ఫాదరు ముఖం ఎర్రబడింది. "కాదు, కాదు. మా విశ్వాసము. జ్ఞానతండ్రి మా మతస్థుడై యుండవలెను. అది శాసనము."

చాచా చెయ్యి తీశాడు. కోపంతో కాదు, కొత్తగా సున్నం వేసిన గోడ చెదరకుండా తీసినట్టు నెమ్మదిగా తీశాడు.

"కానూన్ గదైతే సరే. నేను కాదన. ఒక్కటడుగుత సాబ్. మీ కానూన్‌కు సరిపోయెటోళ్ళు గింతమంది ఉన్నరు. వీన్ని ఎరుగుదునని చెప్పెటోడు ఒక్కడు లేడా?"

ఫాదరు అలవాటు కొద్దీ ఉపదేశి వైపు చెయ్యి చాపాడు. "ఉపదేశిగారూ, మీరు రండి."

ఉపదేశి రెండడుగులు వేస్తే అయిపోయేది. ఆయన కదల్లేదు.

"నేను నిలబడ, ఫాదర్."

ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. ఫాదరు ఒక్కమాట అంటే పోయే కొలువు ఆయనది.

"పెద్దోళ్ళ పిల్లలకు పెద్దోళ్ళు నిలబడ్తరు," అన్నాడు ఉపదేశి. "మావోళ్ళకు నేనొక్కన్నే. ఎంతమంది బుజాల మీద చెయ్యేసిన్నో నాకే యాదికి లేదు. ఇయ్యాల ఇంకెవరన్న ఏయుండ్రి."

ఎవరూ చాప మీదనుంచి లేవలేదు. ఎండకు పైన రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. ఓవర్‌మన్ తన మోకాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. ఏడాదిపైగా దిద్దిన పలక, మా అన్న మాట, నా భార్య వెనక వరసలోనుంచి మెడ సాచి చూస్తున్న చూపు, అన్నీ నా మీదికి ఒక్కసారే వచ్చాయి. ఇటువైపు నేను లేను. అటువైపు నన్ను తీసుకునేవాళ్ళు లేరు.

"పోదాం పా చాచా," అన్నాను.

"ఆగరా అబ్బాయ్." ఆడవాళ్ళ చాప మీదనుంచి వచ్చిందా గొంతు. ఓవర్‌మన్ తల్లి. కళ్ళు సరిగా ఆనని ముసలావిడ. చేతికర్ర ఊతంతో లేస్తోంది. "వాణ్ణి నేనెరుగుదును."

ఓవర్‌మన్ తల ఎత్తాడు. "అమ్మా, నువ్వు కూర్చో."

"ఇన్నేళ్ళూ కూర్చునేగా ఉన్నాను."

నన్ను ఎరుగుదునని ఆమె అన్నది నిజమే. కిందటి వానాకాలం వాళ్ళ వంటింటి గోడ ఒరిగితే దుంగలు నిలబెట్టడానికి నన్ను పంపారు. పని అయ్యేదాకా ఆవిడ పీట వేసుకుని కూర్చుని నాతో జపాలు చెప్పించింది, తప్పిన చోటల్లా దిద్దింది, నువ్వింత మొద్దువేవిట్రా అని తిట్టింది. దాహమంటే చెంబుతో నీళ్ళు తెచ్చి, తాకకుండా ఎత్తునుంచి నా దోసిట్లో పోసింది.

"ఫాదరుగారూ, ఆడది నిలబడకూడదా?"

ఫాదరు తేరుకున్నాడు. "నిలబడవచ్చును. తండ్రియైనను, తల్లియైనను, ఒకరు చాలును."

ఆమె తడుముకుంటూ వచ్చింది. దారిలో ఒక్కరూ చెయ్యి ఇవ్వలేదు. చాచా ముందుకు వెళ్ళి మోచెయ్యి అందించాడు. ఎవరిదని ఆమె అడగలేదు. నా దగ్గరికొచ్చి చెయ్యి చాపితే ముందు చెవి తగిలింది, తర్వాత మెడ. "ఎంత పొడుగురా నువ్వు, ఒంగు," అంది. వంగాను. ఎత్తునుంచి నీళ్ళు పోసిన చెయ్యి నా భుజం మీద పడింది. అది బరువుగా ఉంది.

"ఏ పేరు పెట్టవలెను?" అన్నాడు ఫాదరు.

"మావారి పేరు."

"అది యేమి?"

"రామరామ, నేను చెప్పకూడదు," అని నాలుక కరుచుకుంది. నాలుగు తరాల కతోలికురాలి నోటివెంట ఆ మాట రాగానే ఫాదరు కళ్ళు పెద్దవయ్యాయి. "మొగుడి పేరు నోట పలుకుతానా? మా అబ్బాయి ఉన్నాడుగా, చెబుతాడు. చెప్పరా."

తలలన్నీ ఓవర్‌మన్ వైపు తిరిగాయి. ఆయన లేచి నిలబడ్డాడు. తండ్రి పేరు కూర్చుని చెప్పే అలవాటు వాళ్ళకు లేదు. చెప్పాడు. చాలా మెల్లగా చెప్పాడు. ఫాదరుకు వినపడక మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. నా తలమీద నీళ్ళు పడ్డాయి.

మీరు దీన్ని శుభం అనుకుని మూసేస్తారేమో, ఆగండి. సోమవారం బాయిలో దిగాక తెలిసింది అసలు కష్టం. ఓవర్‌మన్‌కు నన్ను పిలవడానికి పేరు లేకుండా పోయింది. నా పాత పేరు అంటే జ్ఞానస్నానాన్ని కాదన్నట్టు. కొత్త పేరుతో 'ఒరేయ్' అంటే కన్నతండ్రిని అన్నట్టు. చప్పట్లు కొట్టి పిలిచేవాడు, లేదా సర్దారుతో చెప్పించేవాడు. చాచాకు అది పండుగ. "ఓవర్‌మన్ సాబ్ వాలిదు సాబ్, జర ఇటు దుంగ అందియ్యి," అని ఎలుగెత్తి పిలిచేవాడు. వాలిదు అంటే తండ్రి.

షెడ్డులో మాత్రం ఏదీ మారలేదు. వాళ్ళు చాపల మీద, మేం నేలమీద. నేను ఆ నేలమీద కొన్ని ఆదివారాలు కూర్చున్నాను. ఒకే నీళ్ళు పోసుకుని, ఒకే రొట్టె తిని, కూర్చునే చోటికి వచ్చేసరికి వేరా? పేర్లు ఒక్క తీరుగా పలికినవాళ్ళ గుడి అని వచ్చాను నేను. పోవడం మానేశాను. నాది మొండితనమని ఉపదేశి అన్నాడు. ఇప్పటికీ న్యాయమే అంటాను.

ఒక ఆదివారం పొద్దున గుమ్మం ముందు కర్ర చప్పుడు. లైన్లలో పిల్లలంతా వెంట వస్తున్నారు. మా వాడకట్టులో ఓవర్‌మన్ వాళ్ళ మనుషులెవరూ ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆవిడ వచ్చింది. నా భార్య గాబరాపడి చీపురు పట్టుకుని చోటు ఊడవబోయింది. ఆవిడ అప్పటికే నా మంచం తడుముకుని కూర్చుంది.

"ఎన్ని వారాలైందిరా పూజకొచ్చి?"

"వెనక కూసోను, అమ్మగారూ."

"అమ్మగారేవిట్రా, అమ్మనైతే. విను. మా అబ్బాయి నాతో మాట్లాడి నెల దాటింది. కోడలు కంచం పెట్టి పక్కకి పోతుంది. వీధిలో మావాళ్ళు ముఖం తిప్పుకుంటున్నారు. ఇదంతా నువ్విక్కడ మంచమ్మీద పడుకోవడానికా?"

నాకోసం ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

"రేపు పైన నిన్ను కాదురా, నన్నడుగుతారు," అంది.

పక్క గుమ్మంలో పళ్ళు తోముకుంటున్న చాచా పకపకా నవ్వాడు. "బేటా, నేను జమానతున్న ఇన్నేండ్లల్ల నీ ఇంటికొచ్చి పట్కపోయిన్నా? ఇప్పుడు దొరికిండ్రు నీకు అస్లీ మనుషులు!"

లేచి చొక్కా తొడుక్కున్నాను. "వెనక మాత్రం కూసోను," అన్నాను మళ్ళీ.

"కూర్చోమన్నదెవరు?" అంది.

నా ముంజేయి పట్టుకుని లైన్ల మధ్యనుంచి నడిచింది. మేం వెళ్ళేసరికి పూజ మొదలైంది. ఫాదరు మాకు వీపు చేసి లాటిన్‌లో జపిస్తున్నాడు. ఆమె నన్ను వదలకుండా నేల మీద కూర్చున్నవాళ్ళను దాటించింది, చాపల దాకా తీసుకెళ్ళింది. మగవాళ్ళ ముందు వరస దగ్గర ఆగి కర్రతో నేల తట్టింది.

"జరగరా," అంది కొడుకుతో, గొంతు తగ్గించకుండా.

ఓవర్‌మన్ నా వైపు చూడలేదు. తల్లి వైపూ చూడలేదు. బలిపీఠం వైపే చూస్తూ, కొంచెం జరిగాడు.

ఆ చోటు చాలా ఇరుకు. కూర్చున్నాను.